బోరింగు ఓబులమ్మ వృత్తి వికాసం

నేను పదకొండేళ్లలో ఏడుసార్లు ఎదిగాను. గొప్ప కోసం చెప్పడం లేదు. మా సంస్థ కంప్యూటర్లో తేదీలతో సహా నమోదై ఉంది.

మాది అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ. ముప్పైరెండు దేశాల్లో పేదలకు మంచినీళ్లు అందేలా చూస్తుంది. అందించడం వేరు, అందేలా చూడడం వేరు అని నాకు మూడో ఎదుగుదల నాటి శిక్షణలో నేర్పారు. చేరిన కొత్తలో నేను అందించేవాణ్ణి. కదిరి చుట్టుపక్కల పల్లెల్లో చెడిపోయిన బోరింగు పంపులు విప్పి, లోపలి తోలు వాషర్లు మార్చి, మళ్లీ బిగించేవాణ్ణి. తరువాత సాంకేతిక సహాయకుణ్ణయ్యాను. అంటే బాగుచేసే మనిషి పక్కన నిలబడేవాణ్ణి. ఆ తరువాత సమన్వయకర్తనయ్యాను. అంటే పక్కన నిలబడినవాడికి ఫోన్ చేసేవాణ్ణి. ఏడో మెట్టు ఎక్కేసరికి నా హోదా 'సీనియర్ సలహాదారు, సుస్థిర జలవ్యవస్థల సామర్థ్య వికాసం'. దానికి అర్థమేమిటని మా ఆవిడ ఒకసారి అడిగింది. ఆఫీసు నుంచి వచ్చాక చెబుతానన్నాను. అది జరిగి ఏడాదిన్నరయింది.

నేను విప్పడం మానేసిన బోరింగులన్నీ ఓబులమ్మ విప్పేది. నలభై దాటిన మనిషి. పాత మోపెడ్ వెనుక పానాలు, పైపులు బోరులోకి జారకుండా పట్టే క్లాంపులు గోనెసంచిలో కట్టుకుని నలభై మూడు ఊళ్లు తిరిగేది. ఇప్పుడు ఊరూరా కుళాయిలు వచ్చాయి కదా అంటారేమో. వచ్చాయి. వాటిలో వారానికోసారి నీళ్లు కూడా వస్తాయి. మిగిలిన ఆరు రోజులూ ఊరు బోరింగు మీద, బోరింగు ఓబులమ్మ మీద ఆధారపడి ఉండేవి. ఆమెకు ఆ పని నేర్పింది నేనే. మొదట్లో నన్ను 'అన్నా' అని పిలిచేది. నాలుగో ఎదుగుదల దగ్గర 'సార్' అయ్యాను.

నేను ఏడో మెట్టు ఎక్కిన మరుసటి ఏడాది జనవరిలో ప్రధాన కార్యాలయం నుంచి 'నిరంతర ఎదుగుదల విధానం' వచ్చింది. నలభై ఆరు పేజీలు. సారాంశం మాత్రం చిన్నదే. ఏ ఉద్యోగీ ఒకే పదవిలో రెండేళ్లకు మించి ఉండకూడదు. ఉంటే అతడు 'స్తంభిత ఉద్యోగి'. ఒక్క స్తంభిత ఉద్యోగి ఉన్నా ఆ కార్యాలయం నుంచి ఇంకెవ్వరికీ పై కార్యాలయాలకు పదోన్నతి లేదు. పై మెట్టు ఎక్కినవారు కింది మెట్టు పని ముట్టుకోకూడదు. ఎదుగుదల లేని పదవుల్లోకి కొత్తవాళ్లను తీసుకోవడం అమానుషం కాబట్టి అలాంటి పదవులను రద్దు చేయాలి.

మా రెండు తెలుగు రాష్ట్రాల సంచాలకులు డాక్టర్ జయసింహ ఈ శుభవార్త చెప్పడానికి హైదరాబాదు నుంచి స్వయంగా వచ్చారు. మా కార్యాలయంలోని పద్నాలుగు మందినీ కూర్చోబెట్టారు.

"మిత్రులారా, ఎదుగుదల అన్నది గమ్యం కాదు, ప్రయాణం. ప్రయాణం అంటే కదలిక. కదలిక కొరవడినచోట మనం సంస్థాగతంగా ఒక నిశ్చలతా పరిస్థితిని అనుభవంలోకి తెచ్చుకుంటాం" అన్నారు.

అందరం రాసుకున్నాం. నేను రెండుసార్లు రాసుకున్నాను.

వెనుక వరుసలోంచి ఓబులమ్మ చెయ్యెత్తింది. "సార్, నాకు పని బాగానే ఉండాది. నేనెందుకు ఎదగాల?"

జయసింహగారు చిరునవ్వు నవ్వారు. పై స్థాయి అధికారుల నవ్వుకు కూడా ఒక శిక్షణ ఉంటుంది. "ఇది మీ వ్యక్తిగత విషయం కాదు ఓబులమ్మగారూ. పదేళ్లుగా మీరు మెకానిక్‌గానే ఉండిపోయారు. దానివల్ల మిగిలిన పదముగ్గురి వికాసానికీ మీరు అడ్డంకి స్థానంలో ఉన్నారు."

"అడ్డమొచ్చింటే జరుగుతా సార్" అంటూ ఆమె కుర్చీ నిజంగానే గోడవైపు జరుపుకుంది.

మిగతావాళ్లు చకచకా ఎదిగారు. డ్రైవరు బాబావలి 'చలనశీలతా సమన్వయకర్త' అయ్యాడు. స్టీరింగు కింది మెట్టు పని కనుక తాళంచెవులు అప్పగించేశాడు. జీపు షెడ్డులో చేరింది. మేం ఆటోలో వెళితే అతడూ మాతోపాటు ఎక్కి, ఆటోవాడికి కుడి ఎడమలు చెప్పేవాడు. గేటు దగ్గరి తిప్పన్న 'ప్రాంగణ భద్రతా విశ్లేషకుడు' అయి లోపలికొచ్చి కూర్చున్నాడు. ఒకరోజు నాలుగు మేకలు గేటు దాటి వచ్చి, వరండాలో ఆరబెట్టిన లక్ష్యాల చార్టులు తినేసి వెళ్లాయి. తిప్పన్న దానిమీద ఆరు పేజీల విశ్లేషణ రాశాడు. బాగుందని దాన్ని మిగతా జిల్లాలకు కూడా పంపించారు.

ఫిబ్రవరి ఆఖరుకు ఓబులమ్మ ఒక్కతే మిగిలింది. అప్పుడే బ్యాంకాక్‌లోని ప్రాంతీయ కార్యాలయంలో ఒక పదవి ఖాళీ అయింది. దానికి నా పేరు పరిశీలనలో ఉందనీ, మా కార్యాలయం స్తంభనరహితం కావడమే ఆలస్యమనీ జయసింహగారు ఫోన్లో చెప్పారు. నన్ను ఓబులమ్మకు వృత్తి మార్గదర్శిగా నియమించారు. ఆమె ఎదిగితే నేను బ్యాంకాక్‌కు ఎదుగుతాను. ఇంత స్వచ్ఛమైన కారణంతో నేను ఇంకొకరి బాగు కోరింది అదే మొదలు.

ఆమె వికాస పత్రం నింపడానికి బొంతలపల్లికి వెళ్లాను. బడి గోడ పక్కన బోరింగు విప్పి ఉంది. ఊరి ఆడవాళ్లు ఇద్దరు క్లాంపు పట్టుకుంటే ఓబులమ్మ పైపులు ఒక్కొక్కటే పైకి తీస్తోంది. నేను గోడ నీడలో కూర్చుని పెన్ను తీశాను.

"ఐదేళ్ల తరువాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?"

"ఐదేండ్లకా?" ఆమె చేతిలోని పైపును తట్టి చూసింది. "ఈ కొత్త పైపులు ఐదేండ్లు వస్తాయి సార్. అప్పుడు మళ్లీ ఈడనే ఉంటా."

'క్షేత్రస్థాయిలో దీర్ఘకాలిక దార్శనికత' అని రాశాను.

"మీ బలం?"

"రెండు పైపులు ఒక్కతూరే మోస్తా."

'బహుళ బాధ్యతల నిర్వహణ.'

"మీ బలహీనత?"

"మోకాలు."

'స్వీయ అవగాహన.'

"మార్పును మీరు ఎలా ఎదుర్కొంటారు?"

"ఏం మార్పు సార్? వాషరు మార్పా, పైపు మార్పా?"

'మార్పును వర్గీకరించి చూడగల నేర్పు' అని రాశాను. అప్పటికి నా చెయ్యి వేడెక్కింది.

క్లాంపు పట్టుకున్న సుంకమ్మ ఇదంతా వింటోంది. ఆ ఊరి మహిళా సంఘానికి పెద్ద ఆమె. "ఏందబ్బయ్యా, సంబంధానికి వచ్చినోళ్ల మాదిరి అడుగుతాండావు? పిల్ల నచ్చిందా లేదా, అది చెప్పు ముందు" అంది.

పిల్ల ప్రధాన కార్యాలయానికి బాగా నచ్చింది. వారంలోనే ఆమెను బెంగళూరులో ఐదు రోజుల శిక్షణకు పిలిచారు. శిక్షణ పేరు 'నాలోని నాయకురాలు'. ఏప్రిల్ నెల. మార్గదర్శిగా నేనూ వెళ్లాను. హోటలు ఎంత చల్లగా ఉందంటే, బోరింగుల మండు వేసవి గురించి మాట్లాడుకోవడానికి మాకు శాలువాలు ఇచ్చారు.

శిక్షణ ఇచ్చే తన్మయి మేడం మొదటి రోజు అందరికీ రంగు పెన్సిళ్లు పంచి, ఎవరి జీవితాన్ని వాళ్లు ఒక నదిలా గీయమంది. నేను మూడు వంపులున్న నది గీశాను. శిక్షణకు వెళ్లిన ప్రతిసారీ అదే నది గీస్తాను. ఓబులమ్మ నిలువునా ఒక గొట్టం గీసింది.

"మా దిక్కు నదులు లేవు మేడం. బోరు గీసినా" అంది.

"చాలా బాగుంది. దాని గురించి మీ మనసులో మాట చెప్పండి."

ఓబులమ్మ బొమ్మ మీద వేలు పెట్టి చూపించింది. "నీళ్లు రాకుంటే అందరూ పైన పిడిని చూస్తారు. పైన ఏమీ ఉండదు మేడం. అడుగున సిలిండర్లో చూడాల. అడుగున వాషరు అరిగిపోయింటే పైన ఎంత బలంగా కొట్టినా గాలే వస్తాది."

తన్మయి మేడం కళ్లు చెమర్చాయి. "సంస్థాగత జీవితానికి ఇంతకన్నా గొప్ప ఉపమానం నేను వినలేదు" అంది.

"ఉపమానం కాదు మేడం. బోరింగు" అంది ఓబులమ్మ.

ఆ ఐదు రోజుల్లో ఆమె ఫోను మోగని గంట లేదు. ఎక్కడో ఒకచోట పంపు చెడిపోతూనే ఉంది. పానాల సంచీ సుంకమ్మ దగ్గర వదిలి వచ్చింది. ఆమె వరండాలోకి పోయి, గోడవైపు తిరిగి, గట్టిగా చెప్పేది. "సుంకమ్మొదినా, ముందు క్లాంపు బిగించు. రెండు బోల్టులూ బిగించినాకనే పైపు ఇప్పు. తొందరపడగాకు. ఆఁ, ఇప్పుడు లాగండి." ఏకాగ్రత లోపించినందుకు నేను ఆమెను మెత్తగా మందలించాను. కానీ తన్మయి మేడం తన నివేదికలో దాన్ని 'దూరస్థ నాయకత్వం' అని మెచ్చుకుంది. ఆఖరి రోజు ఓబులమ్మకు 'సహజ దార్శనికురాలు' అని రాసిన పత్రం ఇచ్చారు. నాకు హాజరు పత్రం ఇచ్చారు.

మేం తిరిగొచ్చేసరికి ఆమె ఎదుగుదల ఉత్తర్వు సిద్ధంగా ఉంది. కొత్త హోదా 'సామాజిక జలదృష్టి నాయకురాలు'. మెకానిక్ పదవి రద్దు. పానాల సంచీ స్టోరు గదిలో అప్పగించి రసీదు తీసుకోవాలి. ఆమెకు చక్రాల కుర్చీ ఇచ్చారు. బల్ల ఇచ్చారు. బల్ల మీద పెట్టుకోవడానికి నమూనా బోరింగు ఒకటి ఇచ్చారు, ప్లాస్టిక్‌ది, జానెడు.

"పని దినాల్లో ఈడ కూర్చుంటా సార్. ఆదివారం పూట పోయి బోరింగులు చూసుకోనొస్తా" అని ఆమె జయసింహగారిని బతిమాలింది. ఆయన కంప్యూటరు తెర మీద ఉన్నారు.

"ఓబులమ్మగారూ, మీ హోదా ఆదివారం కూడా ఉంటుంది" అన్నారాయన.

మాకు 'స్తంభనరహిత కార్యాలయం' అని రాగి ఫలకం వచ్చింది. జిల్లాల్లో అదే మొదటిది. ఫలకంతో అందరం ఫోటో దిగాం. నేను మధ్యలో నిలబడ్డాను. ఓబులమ్మ చివర నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, రెండూ వెనక్కి దాచుకుంది.

ఆ నెలంతా ఆమె తొమ్మిదిన్నరకు వచ్చి ఐదున్నర దాకా కూర్చుంది. పని అడిగితే, ఆలోచించడమే మీ పని అన్నాం. పొద్దుపోక ఎదుగుదల విధానం చదవడం మొదలుపెట్టింది. గీత కింద వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ, రోజుకు రెండు పేజీలు. నలభై ఆరు పేజీలూ చదివిన మనిషి మా సంస్థ మొత్తంలో ఆమె ఒక్కతే అని నా నమ్మకం. నేను సారాంశం చదివాను. జయసింహగారు సారాంశానికి ముందుమాట రాశారు.

మే రెండో వారంలో బొంతలపల్లి నుంచి తొమ్మిది మంది ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఆరు కిలోమీటర్లు నడిచి మా ఆఫీసుకు వచ్చారు. సుంకమ్మ ముందు నిలబడింది.

"బోరింగు పడిపోయి పదకొండు దినాలాయ. కుళాయికి మోటారు కాలిపోయింది. తోటల కాడికి పోతే తరుముతాండారు. ఎవరొస్తారు మా ఊరికి?"

మేం వాళ్లను సాదరంగా కూర్చోబెట్టాం. ఒక్కొక్కరమే లేచి పేరు, హోదా చెప్పుకున్నాం. దానికి పావుగంట పట్టింది. సుంకమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"పద్నాలుగు మంది. దీంట్లో పానా పట్టేటోళ్లు ఒక్కరూ లేరా?"

ఓబులమ్మ అప్పటికే లేచి నిలబడింది. తెర మీదనుంచి జయసింహగారి గొంతు వినిపించింది. "ఓబులమ్మగారూ, దయచేసి మీ పాత్ర పరిధిలో స్పందించండి."

ఆమె మళ్లీ కూర్చుంది. తల ఎత్తకుండా చెప్పింది. "నన్ను పెద్దదాన్ని చేసినారు వదినా. నేనింక బోరింగు ముట్టగూడదంట."

సుంకమ్మ ఆమె కుర్చీని, బల్లను, బల్ల మీది ప్లాస్టిక్ బోరింగును చూసింది. "ఇదేం పెద్దరికమే? పెద్దమనిషయిన పిల్లను మూలన కూర్చోబెట్టినట్ల కూర్చోబెట్టినారే!"

ఓబులమ్మ నవ్వుతుందనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి లోపలికి వెళ్లిపోయింది. మేం వచ్చినవాళ్లకు తలా ఒక సీసా నీళ్లు, తలా ఒక అభిప్రాయ సేకరణ పత్రం ఇచ్చి పంపాం. నీటి లభ్యతపై మీ సంతృప్తి ఎంత అన్న ప్రశ్నకు తొమ్మిది మందీ వేలిముద్రలే వేశారు. సంఖ్య వేయలేదు కనుక ఆ పత్రాలు లెక్కలోకి రాలేదు.

ఆ వారమే ప్రధాన కార్యాలయం నుంచి కబురొచ్చింది. మార్గరెట్ అనే పెద్ద అధికారిణి, ఆమెతో మరో ఇద్దరు, మా స్తంభనరహిత కార్యాలయాన్ని చూడటానికి శుక్రవారం వస్తున్నారు. ఓబులమ్మ వికాస పత్రంలోని 'క్షేత్రస్థాయిలో దీర్ఘకాలిక దార్శనికత' అన్న మాట వాళ్లను బాగా కదిలించిందట. ఆ దార్శనికత పుట్టిన బోరింగును చూడాలట. అంటే బొంతలపల్లి బోరింగే.

జయసింహగారు అత్యవసర సమావేశం పెట్టారు. ఒక కార్యదళం ఏర్పడింది. కార్యదళానికి ఒక మార్గనిర్దేశక సంఘం ఏర్పడింది. కొత్త మెకానిక్‌ను పెట్టుకుందామని బాబావలి అన్నాడు. రద్దయిన పదవిలోకి మనిషిని తీసుకోవడం ఫలకానికి అవమానం అన్నారు జయసింహగారు. బుధవారం సాయంత్రానికి పంపు ఒక్కటి తప్ప అన్నీ సిద్ధమయ్యాయి.

అప్పుడు నాకొక ధైర్యం వచ్చింది. నేనూ ఒకప్పటి మెకానిక్‌నే కదా. ఇలాంటివి ఎన్ని విప్పాను! గురువారం పొద్దున్నే స్టోరు గదిలోంచి పానాల సంచీ తీసి, ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కాను. బాబావలి మాత్రం కుడి ఎడమలు చెప్పడానికి నాతో వచ్చాడు.

ఊళ్లో ఆడవాళ్లు నన్ను చూసి ఆశగా చుట్టూ చేరారు. చొక్కా చేతులు మడిచాను. పైన మూత విప్పడానికి అరగంట పట్టింది. చైను ఊడదీసేటప్పుడు వేలు నలిగింది. వంగితే పొట్ట అడ్డమొచ్చింది. ఏడు ఎదుగుదలలూ అందులోనే ఉన్నాయి. సాయం పడతామని ఇద్దరు ఆడవాళ్లు ముందుకొస్తే, వద్దు, నాకు అలవాటే అన్నాను. క్లాంపు వేసి, ఒక బోల్టు బిగించి, మొదటి పైపు మర తిప్పాను. క్లాంపు జారింది. పన్నెండు పైపులు, నూట ఇరవై అడుగులు, గడగడమంటూ నా కళ్లెదుటే నేలలోకి దిగిపోయాయి. అడుగునెక్కడో 'దబ్' మని వినిపించింది.

గోడ పక్క కూర్చున్న ముసలాయన ఒకడు "పొయ్యె" అన్నాడు.

సుంకమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. నలిగిన నా వేలు చూసి, కొంగు చివర చింపి కట్టు కట్టింది. "పో నాయనా. ఎండలో ఉండగాకు" అంది.

మధ్యాహ్నానికి ఆఫీసుకొచ్చి ఓబులమ్మ బల్ల ముందు నిలబడ్డాను. జరిగింది చెప్పాను. పదకొండేళ్లలో మార్పులూ చేర్పులూ లేకుండా నేను ఇచ్చిన నివేదిక అదొక్కటే.

"ఎన్ని పైపులు పడినాయి సార్?"

"పన్నెండూ."

"క్లాంపు రెండో బోల్టు బిగించినారా?"

"లేదు."

ఆమె ఎదుగుదల విధానం తెరిచి ముప్పై తొమ్మిదో పేజీ నా ముందు పెట్టింది. వేలు పెట్టి చూపించిన చోట ఇలా ఉంది: ఏ ఉద్యోగి అయినా సంస్థను దాటి ఎదగదలచినచో, 'స్వీయ నిర్దేశిత ఎదుగుదల' కింద ఆ రోజే వైదొలగవచ్చును, మార్గదర్శి సంతకం సరిపోవును.

"మార్గదర్శంటే మీరే గదా. దీనికి సంతకం పెట్టండి సార్" అంది.

శిష్యురాలు మూడు నెలల్లోపు వెళ్లిపోతే మార్గదర్శి విఫలమైనట్టు లెక్క. అది సారాంశంలోనే ఉంది, నాకు తెలుసు. సంతకం పెడితే బ్యాంకాక్ ఉండదు. ఓబులమ్మ నా ఎదురుగా నిలబడి ఉంది. నేను రెండు నిమిషాలు ఆలోచించాను. ధర్మాధర్మాల గురించి ఆలోచించానని చెప్పగలిగితే బాగుండేది. బ్యాంకాక్ గురించే ఆలోచించాను. ఆ తరువాత, వేలికున్న కట్టు వల్ల పెన్ను సరిగా పట్టు చిక్కక, వంకరగా సంతకం పెట్టాను. ఎందుకు పెట్టానో నాకిప్పటికీ పూర్తిగా తెలియదు. బహుశా ఆ ముసలాయన 'పొయ్యె' అన్న తీరు చెవిలో ఉండిపోయి ఉంటుంది.

పానాల సంచీ ఆటోలోనే ఉంది. తెచ్చి ఆమె చేతికిచ్చాను. సంచీ విప్పి ఒక్కొక్కటే లెక్క చూసుకుంది. "గాలం కూడా కావాల సార్" అంటే స్టోరులోంచి పడిపోయిన పైపులు తీసే గాలం కూడా తెచ్చిచ్చాను. రసీదు అడగలేదు.

శుక్రవారం తెల్లారేసరికి ఆమె బొంతలపల్లిలో ఉంది. సుంకమ్మ, మరో ఎనిమిది మంది ఆడవాళ్లు తోడుగా ఉన్నారు. బెంగళూరు నుంచి ఫోన్లో విని నేర్చుకున్న పనికి ఇప్పుడు చేతులు కూడా కలిశాయి. గాలం రెండుసార్లు ఉత్తదే వచ్చింది. మూడోసారి పట్టుకుంది. మేం మార్గరెట్ గారితో, మూడు కార్లలో, పదకొండు గంటలకు అక్కడికి చేరేసరికి ఆఖరి పైపు బిగుస్తోంది.

ఓబులమ్మ పిడి కొట్టింది. గాలి. మళ్లీ కొట్టింది. గాలి. నలభయ్యో దెబ్బకో, యాభయ్యో దెబ్బకో పంపు దగ్గినట్టు చప్పుడు చేసి నీళ్లు కక్కింది. ఆడవాళ్లు కేకలు పెట్టారు. మార్గరెట్ గారు కారు దిగి నిలబడిపోయారు.

"ఇక్కడ మా సంస్థ మనిషి ఎవరు?" అని ఆమె దుభాషి చేత అడిగించారు.

ఓబులమ్మ మొహం తుడుచుకుంటూ చుట్టూ చూసింది. "ఎవరూ లేరు" అంది.

జయసింహగారి మొహం పాలిపోయింది. నేను కారు చాటుకు జరిగాను. దుభాషి ఆ మాటను ఎన్ని రకాలుగా మెత్తబరచాలని చూసినా అది రెండు పదాలే అయింది.

"ఎవరూ లేరా!" మార్గరెట్ గారు రెండు చేతులూ గుండెలకు చేర్చుకున్నారు. "ముప్పై ఏళ్లుగా మేం కలలు కన్నది ఇదే. సంస్థ అవసరమే లేని సమాజం! ఇది ఎవరు సాధించారు?"

జయసింహగారు క్షణం కూడా తడుముకోలేదు. "మేడం, ఇది మా ఉపసంహరణ నమూనా. ఉద్దేశపూర్వకంగా, దశలవారీగా, మేం పనికిరాకుండా పోవడం. మా చంద్రమౌళిగారు ఇందులో ప్రత్యేక నిపుణులు" అంటూ నావైపు చెయ్యి చూపారు.

ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మార్గరెట్ గారు నా కట్టు కట్టిన చేతిని పట్టుకుని ఊపారు. ఓబులమ్మ నిష్క్రమణ వైఫల్యం కాదనీ, మార్గదర్శకత్వానికి పరాకాష్ఠ అనీ అక్కడికక్కడే తేలిపోయింది. జయసింహగారు ప్రధాన కార్యాలయానికి ఎదిగారు. నాకు బ్యాంకాక్ వచ్చింది. పదవి పేరు 'ప్రాంతీయ నిపుణుడు, సంస్థాగత అనవసరత'.

వెళ్లే ముందు రోజు బొంతలపల్లికి పోయాను. ఈసారి బాబావలి లేడు, ఒక్కణ్ణే వెళ్లాను. నలభై మూడు ఊళ్ల మహిళా సంఘాలు కూర్చుని మాట్లాడుకుని ఓబులమ్మను తమ మెకానిక్‌గా పెట్టుకున్నాయి. సుంకమ్మ, ఇంకో ఇద్దరు ఆమె దగ్గర పని నేర్చుకుంటున్నారు. ఆ రోజు మళ్లీ వాషరు మార్చినట్టున్నారు, పంపు చుట్టూ బురదగా ఉంది.

"బ్యాంకాక్ పొమ్మంటున్నారు ఓబులమ్మా. పోవాలంటావా?" అని అడిగాను. వద్దంటుందని ఎక్కడో ఆశ ఉంది. ఎందుకో చెప్పలేను.

"పోండి సార్. ఈడుండి ఏం చేస్తారు?" అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలియకే అడిగింది. నేను కూడా కాసేపు ఆలోచించాను, నాకూ తెలియలేదు.

ఆమె మోకాలు పట్టుకుని అరుగు మీద కూర్చుంది. "రోంత పిడి కొట్టండి సార్. కొత్త వాషరు ఏసినాం, మొదట నీళ్లు ఎర్రగా వస్తాయి. తేటపడేదాకా కొట్టాల" అంది.

కొట్టాను. నీళ్లు ఎర్రగా వచ్చాయి. ఆ తరువాత బూడిద రంగులో వచ్చాయి. ఆ తరువాత తేటపడ్డాయి. ఒకామె బిందె పెట్టింది. నిండింది. ఆమె తీస్తే ఇంకొకామె పెట్టింది. ఆపమని ఎవరూ అనలేదు కనుక నేను ఆపలేదు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. వరుసలోని ఆఖరి బిందె నిండేదాకా కొట్టాను. మొత్తం ఇరవై ఎనిమిది. సుంకమ్మ తన బిందె చంకనెత్తుకుంటూ "పర్వాలేదే, చేతనైతాందే!" అంది. ఏడు పదోన్నతి ఉత్తర్వులు అందుకున్నప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

బ్యాంకాక్‌లో చేరిన రోజున ఒక పత్రం ఇచ్చారు. 'గత పదవిలో మీరు సాధించిన అతి ముఖ్యమైన ఫలితం' అని ఒక గడి ఉంది. అందులో 'ఇరవై ఎనిమిది బిందెలు' అని రాశాను.

మర్నాడు మానవ వనరుల విభాగం నుంచి మర్యాదగా జవాబొచ్చింది. బిందె అన్నది తమ జాబితాలోని కొలమానం కాదని, దయచేసి నా స్థాయికి తగినట్టు విధానపరమైన ఫలితంగా మార్చి రాయమని.

మార్చి రాశాను.